ఆషాఢంలో కత్తిరించిన గోళ్లు

ఇన్నేళ్ల ల్యాబు ఉద్యోగంలో ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, ఆషాఢమాసంలో ఆడవాళ్ల గోళ్లు కత్తిరించకూడదని నేర్చుకున్నానని చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, తెల్లకోటు ఇస్త్రీ కూడా నలగని మీలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. ఉంటే మాకు అంత తిప్పలు వచ్చేది కాదు.

గుంటూరులో మా ల్యాబు ఏం పని చేస్తుందో మా చుట్టాలకి చివరిదాకా అర్థం కాలేదు. "అణు" అన్న మాట వినగానే పెళ్లి పందిట్లో నా పక్కన కూర్చున్నవాళ్లు కొంచెం అవతలికి జరిగేవాళ్లు. నిజానికి మాది చాలా నెమ్మదైన పని. గోరు ముక్కో, వెంట్రుకో, ఎండిన రక్తపు పొడో చిటికెడు తీసుకుని పొట్లం కట్టి, వేరే రాష్ట్రంలో ఉన్న రియాక్టర్‌కి పంపేవాళ్లం. అక్కడ న్యూట్రాన్లు తగిలితే అందులో ఉన్న లోహాలు కొంతకాలం గామా కిరణాలు విడుస్తూ ఉంటాయి. అవి సీసం డబ్బాలో మా దగ్గరికి తిరిగొచ్చాక డిటెక్టర్ ముందు పెడితే, ఏ కిరణం ఏ లోహానిదో, ఎంత ఉందో తెలిసిపోతుంది. వాకిట్లో చెప్పుల చప్పుడు విని వచ్చింది ఎవరో ఇంట్లోవాళ్లు చెప్పేయరూ, అలాగన్నమాట. కంటికి కాదు కదా, మామూలు త్రాసుకి కూడా ఆననంత లోహం ఉన్నా దొరికిపోతుంది.

ఆ డిటెక్టర్ ఎప్పుడూ లిక్విడ్ నైట్రోజన్ చల్లదనంలోనే ఉండాలి. కొత్త అల్లుడికి చేసినన్ని మర్యాదలు దానికి చేసేవాళ్లం. ఊళ్లో మాకు నైట్రోజన్ పోసేది పశువుల ఆస్పత్రివాళ్లు. మేలుజాతి ఆంబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి దాచడానికి వాళ్ల దగ్గర ఎప్పుడూ నిల్వ ఉండేది. అంటే మా అణుశాస్త్రం యావత్తూ ఆంబోతులు వదిలిపెట్టిన చలిమీద నడిచేదన్నమాట.

ల్యాబులో ముఖ్యమైనవాళ్లం ముగ్గురం. మా పెద్దసారు మంచి మనిషి, చదువు మహా చదువు, కానీ స్లైడ్ల పిచ్చి. ఏ ఫలితం వచ్చినా అది సాయంత్రానికల్లా రంగురంగుల పటమై తెరమీద కనపడాలి. రెండో ఆవిడ మా కెమిస్ట్, నాకంటే కొంచెం పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నమూనాలు కడగడం, ఆరబెట్టడం, తూచడం ఆవిడ పని. డిటెక్టర్ చూసుకోవడం, లెక్క తేల్చడం నా పని.

మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ల ఒంట్లోకి మందుల దుమ్ము వల్ల ఏమైనా లోహాలు చేరుతున్నాయా అని చూడటానికి ఆ ఏడాది ఒక ప్రాజెక్టు వచ్చింది. గోరు నెలల తరబడి పెరుగుతుంది కాబట్టి ఒంట్లో జరిగినదానికి అది మంచి గుర్తు. హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని ఒప్పుకున్నాడు. అక్కడ కాయల తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠా ఒకటుంది. అంతా వినుకొండ వైపు ఒకే పల్లెవాళ్లు. వాళ్ల మేస్త్రి కూడా ఆడమనిషే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం గోడౌను ఆ చివరికి వినపడుతుంది.

మేం మొదటిసారి వెళ్లింది శుక్రవారం. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అలా వెళతారా?

"శుక్రవారంపూట గోళ్లు తియ్యమంటారేందండీ? లచ్చిందేవి గడప దాటి పోదూ?" అంది ఒకామె.

"మంగళవారం కూడా రాబాకండి," అంది ఇంకొకామె. "బుధవారం రండి, ఇత్తాం. మా గోళ్లతో చేతబడి చెయ్యనని మీ సారు చేత ఒట్టేయించండి ముందు."

మేస్త్రి మా పెద్దసారుని కిందనించి పైదాకా ఓసారి చూసింది. "ఒసే, ఆయన మొకం చూడండే. చొక్కా గుండీలే ఒకటికొకటి పెట్టుకున్నాడు, ఆయనేం చేతబడి చేత్తాడు!"

పెద్దసారు గుండీలు తడుముకున్నారు. నిజమే, ఒకటి తప్పింది. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతోనే పని సగం సులువైంది.

బుధవారం వెళితే వరసగా కూర్చుని చేతులు చాపారు. ఆషాఢం కదా, అందరి చేతులూ గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి. నావీ ఎర్రగానే ఉన్నాయి, అక్కవీ అంతే. గోళ్లు కత్తిరిస్తున్నంతసేపూ ఎవరిది బాగా పండిందన్నదే మాట.

"మీది పండలేదండీ మేడంగారూ, ఆకు మంచిది కాదు," అంది ఒక పిల్లతల్లి నా వేళ్లు పట్టుకుని. "మాది చూడండి, నల్లగా పండింది. మేం మరలో..."

"కబుర్లాపి చెయ్యి చాపవే," అంది మేస్త్రి. ఆ పిల్ల గబుక్కున నోరు మూసుకుంది. నేను పట్టించుకోలేదు. పని చేయించేవాళ్లు కసురుకోవడం మామూలే కదా అనుకున్నాను.

పోల్చి చూడటానికి అక్కడే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే హమాలీల గోళ్లు కూడా తీసుకున్నాం. అదే గోడౌను, అదే దుమ్ము, అవే బస్తాలు. పేర్లు లేకుండా పొట్లాలమీద అంకెలు మాత్రం వేసి, ఎవరిది ఏ అంకో నా పుస్తకంలో రాసుకున్నాను. అక్క వాటిని కడిగింది. కడిగి కడిగి, "ఈ ఎరుపు వదలట్లేదే," అంది. "ఆషాఢంలో ఆడవాళ్ల గోళ్లు ఎర్రగా లేకపోతే వింతపడాలి గానీ," అన్నాను. ఇద్దరం నవ్వుకుని పొట్లాలు కట్టేశాం.

రియాక్టర్ నుంచి అవి తిరిగొచ్చి, చల్లారి, లెక్క తేలేసరికి దసరా దగ్గరపడింది. ఆర్సెనిక్ లాంటివి ఏమీ పెద్దగా లేవు. కానీ ఆడవాళ్ల గోళ్లలో క్రోమియం గీత తాటిచెట్టంత లేచింది. హమాలీల గోళ్లలో అది నేలబారుగా ఉంది. ఆడవాళ్లలో ఒక్క నమూనా మాత్రం మగవాళ్ల వాటిలాగే శుభ్రంగా ఉంది.

పెద్దసారు కుర్చీలోంచి లేచారు. "చూశారా! మగవాళ్లు బస్తా మోస్తారు, కాయని ముట్టుకోరు. ఆడవాళ్లు ఒక్కొక్క కాయనీ వేళ్లతో పట్టుకుని తొడిమ విరుస్తారు. కాయలోంచే వేళ్లకి ఎక్కుతోంది!"

వినడానికి ఎంత చక్కగా ఉందో చూడండి. తప్పుడు మాటలన్నింటిలోకీ ప్రమాదకరమైనది చక్కగా అతికే తప్పుడు మాటే.

"మరి ఈ ఒక్కటీ?" అన్నాను, శుభ్రంగా ఉన్న నమూనా చూపించి.

"తూకంలో పొరపాటు అయి ఉంటుంది. పటంలోంచి తీసేద్దాం," అన్నారు.

"నా తూకంలో పొరపాట్లుండవు," అంది అక్క. ఆవిడ మాట ఆయన చెవికెక్కలేదు. అప్పటికే రంగులు ఎంచుకుంటున్నారు.

ఇంకోసారి చూసి రూఢి చేసుకునేదాకా ఆగుదామని నేను అంటూనే ఉన్నాను. ఆ వారంలోనే వ్యాపారుల సమావేశం ఒకటి వచ్చింది. పెద్దసారు ఊరికే ఉండలేకపోయారు. "ఇవి తొలి ఫలితాలు మాత్రమే" అని చెప్పాననే ఆయన తర్వాత వాదించారు. చెప్పే ఉంటారు. కానీ ఎర్రరంగులో తాటిచెట్టంత స్తంభాలు తెరమీద కనపడుతుంటే కింద ఉన్న చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? ఎవరో ఫోనులో ఫోటో తీశారు. మర్నాటికి ఆ ఫోటో మిర్చి వ్యాపారుల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. కాయలోంచి వేళ్లకి అన్న మాట దారిలో తిరగబడి, వేళ్లలోంచి కాయకి అయింది. వీళ్ల చేతులు తగిలిన సరుకు విదేశాలకి ఎలా పంపుతామని కోల్డ్ స్టోరేజీ యజమానిని కొనుగోలుదార్లు నిలదీశారు. ఆయన ఆ రోజే ముఠాని ఆపేశాడు.

రెండు రోజుల తర్వాత మా ల్యాబు ముందు ఆటోలు వచ్చి ఆగాయి. వరండా నిండిపోయింది. మేస్త్రి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"మేడంగారూ, గోళ్లడిగితే గోళ్లిచ్చాం. చేతబడి ఏమీ చెయ్యం అన్నారు. ఇదేందమ్మా మరి? మా నోట్లో మట్టికొట్టారు కదా! మీ గోళ్లల్లో ఇసం ఉంది, సరుకు ముట్టుకోబాకండని గేటు బయటే నిలబెట్టారు మమ్మల్ని."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"చేలో పత్తి ఇంకా పగల్లేదు. ఈ రోజుల్లో తొడిమల పని తప్పితే మాకు ఇంకో పని లేదు. ఇరవై ఏళ్లనించి నేను నడిపిత్తన్న ముఠా ఇది. యజమాని ఇంకో ఊరి ముఠాని మాట్లాడుతున్నాడంట. ఒకసారి వాళ్లొచ్చి కూచున్నారంటే మమ్మల్ని మళ్లీ పిలవరు. మరి మేం యాడికి పోవాల?"

వాళ్ల కూడు పోతోంది, దానికి కారణం మేం. ఆ క్షణంలో పెద్దసారుమీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయను. ఆయన ఇంకా బతికే ఉన్నారు, ఇది చదువుతారు.

"నా గోళ్లల్లో కూడా ఉందా ఆ ఇసం?" అని అడిగింది మేస్త్రి.

అంకె చూసి నమూనా వెతికాను. శుభ్రంగా ఉన్న ఆ ఒక్కటీ ఆవిడదే.

"నీ గోళ్లలో ఏమీ లేదు పెద్దమ్మా."

సంతోషిస్తుందనుకున్నాను. కోపం రెండింతలైంది. "నా గోళ్లల్లో లేకండా వీళ్ల గోళ్లల్లో ఎట్టా ఉంటది? వీళ్లలో సగం మందికి తొడిమ ఎట్టా ఇరవాలో నేర్పింది నేనేగా! వీళ్లందరికంటే ఎక్కువ కాయ నా చేతులమీద పోయింది. మీ మిసను సరిగ్గా పనిచెయ్యట్లేదమ్మా."

ఆ మాటతో నా బుర్ర కదిలింది. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాయలోంచి ఎక్కేదయితే ముందు ఆవిడకే ఎక్కాలి.

"అందరూ ఓసారి లోపలికి రండి. చేతులు ఈ బల్లమీద పెట్టండి," అన్నాను.

బల్ల నిండా చేతులు. ఆషాఢం పోయి మూడు నెలలవుతోంది. అరచేతుల్లో ఎరుపు ఎప్పుడో పోయింది. గోళ్లలో మాత్రం పోలేదు. కిందనుంచి తెల్లగా కొత్త గోరు పెరుగుతూ వచ్చి, గోరింటాకు ఎరుపుని చివరికి నెట్టేసింది. ప్రతి గోటి కొసనా సన్నటి ఎర్రటి నెలవంక. అన్ని చేతుల్లోనూ ఉంది, మేస్త్రి చేతుల్లో లేదు.

"నువ్వు గోరింటాకు పెట్టుకోలేదా పెద్దమ్మా?"

"నాకు పడదమ్మా. పెట్టుకున్నానంటే రొంప. తుమ్మి తుమ్మి చస్తా."

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. తర్వాత ఇద్దరం మా గోళ్లు చూసుకున్నాం. మా పది వేళ్ల కొసలా అవే నెలవంకలు. ఆ ఎర్రటి చేతులతోనే ఎర్రటి గోళ్లు కత్తిరించి, ఎర్రటి గోళ్లు కడిగి, ఎర్రటి గోళ్లు పొట్లం కట్టాం. మగవాళ్లు గోరింటాకు పెట్టుకోరు కాబట్టి వాళ్లవి శుభ్రంగా ఉన్నాయి. అంతే సంగతి! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఆగవే," అంది అక్క. "గోరింటాకులో క్రోమియం ఎక్కడిది? అలాగైతే మన గోళ్లలోనూ తాటిచెట్లు లేవాలి."

అదీ నిజమే. "ఆకు ఎక్కడిది? ఎవరు నూరారు?" అని అడిగాను.

ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆషాఢంలో నాతో ఏదో చెప్పబోయి ఆగిన పిల్లతల్లి తల దించుకుంది. చివరికి మేస్త్రే నోరు విప్పింది.

"నూరలేదమ్మా, దంచాం. ఇంతమందికి రోట్లో ఎక్కడ నూరతాం? తొలేకాదశికి మర సెలవు. యజమాని కొత్తగా పెట్టాడే, కారం దంచే రోకళ్ల మర, దాంట్లో దంచాం. మర నడిపే సాయిబుగారు మంచోడు, కాదనలేకపోయాడు. యజమానికి తెలిత్తే ఆయన పని పోద్ది. అందుకని ఎవురికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నాం."

"కారం మరలో గోరింటాకా! చేతులు మండలేదూ?" అంది అక్క.

"మండకేం! మొదటివాయి పెట్టుకున్నది చేతులు గాల్లో ఊపుకుంటా ఊరంతా తిరిగింది," అంది ఒకామె. గదంతా ఘొల్లుమంది. "రెండోవాయినించి బానే ఉంది. చింతపండు, నిమ్మకాయ బాగా ఏసి దంచాం. ఆ రోకళ్లు ఎట్టా ఉన్నాయనుకున్నారు, అద్దాల్లాగా తళతళా మెరుత్తన్నాయి."

తళతళ అన్న మాట వినగానే అక్క నిటారుగా కూర్చుంది. "మెరుపు కోసం వేసే పూత క్రోమియందే," అంది నెమ్మదిగా. పులుపులో నానుతూ రోకలి దెబ్బలకి ఆ పూత రాలి ఆకులో కలిసింది. గోరింటాకుతో పాటు గోటికి పట్టేసింది. ఎంత కడిగినా ఎరుపు ఎలా వదల్లేదో అదీ అలాగే వదల్లేదు.

ఇదంతా మా ఊహ. ఊహకి యజమాని గేటు తీయడు. పరీక్ష కావాలి. ఒక్కొక్కరి గోటి కొసన ఉన్న ఎర్రముక్క వేరుగా, దాని వెనక పెరిగిన తెల్లముక్క వేరుగా కత్తిరించాం. ఒకే మనిషి, ఒకే గోరు, రెండు పొట్లాలు. తెల్లభాగం పెరిగిన మూడు నెలలూ వాళ్లు రోజూ తొడిమలు తీస్తూనే ఉన్నారు. విషం కాయలోంచి వచ్చేదయితే తెల్లముక్కలో కూడా ఉండాలి. ఇంట్లో రోట్లో నూరిన గోరింటాకు పెట్టుకున్న మా ఇద్దరి ఎర్రగోళ్లు మూడో పొట్లం.

ఒక చిక్కు మిగిలింది. పరీక్షలో మా ఊహ నిజమైతే మర సంగతి బయటపడుతుంది. మేస్త్రికి అది చెప్పాను. మర్నాడు సాయిబుగారినే వెంటబెట్టుకుని వచ్చింది. గడ్డం నెరిసిన నెమ్మదైన మనిషి.

"చెప్పండమ్మా, పరవాలేదు," అన్నాడాయన. "ఇంతమంది పనికన్నా నా పని ఎక్కువా? నేను దంచిపెట్టిన మాట నేనే చెప్తా. మీరు చెబితే బాగోదు."

పెద్దసారుకి చెప్పడానికి నేనే వెళ్లాను. తిడదామనే వెళ్లాను. ఆయన అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఫోను తీసి రియాక్టర్ వాళ్లతో మాట్లాడారు. ఎప్పుడూ ఎవరినీ బతిమాలని మనిషి, మా పొట్లాలు ముందు వేయమని ప్రతిరోజూ బతిమాలారు. కోపం పెట్టుకుందామన్నా ఉండనివ్వని రకం ఆయన.

పొట్లాలు తిరిగొచ్చిన రోజున డిటెక్టర్‌లో నైట్రోజన్ అడుగంటింది. పండగ సెలవుల్లో బండి రాలేదు. ఒకసారి అది వేడెక్కిందంటే మళ్లీ దారికి రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా కొత్త ముఠా దిగిపోతుంది. నేను క్యాను పట్టుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాను. ఏమైందో కనుక్కుందామని వచ్చిన మేస్త్రి కూడా నాతోనే ఆటో ఎక్కింది.

"మాకే చాలట్లేదండీ మేడం," అన్నాడు డాక్టరు. "వీర్యం పాడైపోతే నన్ను అడుగుతారు."

మేస్త్రి ముందుకొచ్చింది. "ఏం బాబూ, నేను గుర్తున్నానా? మా ఊరికొచ్చి నా గేదెకి మూడుసార్లు సూదేశారు. ఒక్కసారన్నా చూడి కట్టిందా? మీ దగ్గర ఆ చలి ఎట్టాగూ పని చెయ్యట్లేదు. ఈయమ్మకన్నా పోయండి, పనికొత్తది."

కాంపౌండరు అవతలికి తిరిగి నవ్వాడు. డాక్టరు కూడా ఆపుకోలేకపోయాడు. క్యాను నిండింది. ఆ మనిషిని నాతోపాటు ఢిల్లీ పంపి ఉంటే మా ల్యాబుకి రావలసిన నిధులన్నీ వచ్చేవని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు తెల్లముక్కలు పెట్టాను. క్రోమియం రావలసిన చోట గీత నేలబారుగా సాగిపోయింది. తర్వాత ఎర్రముక్కలు. తాటిచెట్టు లేచింది. మా ఇద్దరి ఎర్రగోళ్లు పెట్టేటప్పుడు అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. నేలబారుగానే ఉంది. కాయ కాదు, ఆకు కాదు, రోకలి! అక్క నన్ను కావలించుకుంది. ఆవిడ ఎవరినైనా కావలించుకోగా చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

ఆ శుక్రవారం అందరం కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. యజమాని గదిలో మేం ముగ్గురం, మేస్త్రి, సాయిబుగారు. ముఠా అంతా గుమ్మం దగ్గర. నేను ల్యాప్‌టాప్‌లో గీతలు చూపించి చెప్పాను. పెద్దసారు లేచి, "సమావేశంలో నేను చూపించిన పటం తప్పు. కొనుగోలుదార్లందరికీ ఆ మాట నేనే రాసి పంపుతాను," అన్నారు. సాయిబుగారు లేచి, "మర నడిపింది నేనేనయ్యా," అన్నాడు.

యజమాని మొహం ఎర్రబడింది. "నా మరలో గోరింటాకు దంచుతారా? ఎవరిని అడిగి దంచారు? అందులో నేను కారం దంచి అమ్ముతున్నానయ్యా!"

అని ఆగిపోయాడు. తన నోటినుంచి వచ్చిన మాట తన చెవికే వినపడింది.

మేస్త్రి మెల్లగానే మాట్లాడింది, అప్పుడప్పుడూ అంత మెల్లగా కూడా మాట్లాడగలదు. "మా గోళ్లదేముందయ్యా, పెరుగుతుంటే కత్తిరిచ్చుకుంటాం, పోద్ది. తమరు ముందు ఆ రోకళ్లు తీయించండి."

"సాయిబుగారు వీళ్లకి దంచిపెట్టబట్టి సరిపోయింది," అన్నారు పెద్దసారు. "లేకపోతే ఈ సంగతి మీ కారం కొన్నవాళ్లెవరో కనిపెట్టేవాళ్లు."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. వ్యాపారి కదా, లెక్క త్వరగానే తేలింది. సాయిబుగారిని చూసి, మేస్త్రిని చూసి, చివరికి తనే నవ్వేశాడు. "ఏం మనుషులే మీరు! సరే, పనిలోకి రండి. ఎప్పుడొస్తారు?"

"ఇయ్యాల శుక్కురవారం," అంది మేస్త్రి. "గోళ్లు తియ్యకూడదు గానీ తొడిమలు తియ్యొచ్చు." గుమ్మం దగ్గరున్నవాళ్లు అప్పటికే కొంగులు దోపుకుంటున్నారు.

ఆ మర దంచిన కారం కూడా తర్వాత చూశాం. పులుపు తగలని ఎండుకారం కాబట్టి తక్కువే, కానీ ఉంది. మిగిలిన సరుకు ఆయన వెనక్కి తెప్పించుకుని, రోకళ్లు మార్చాడు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. సాయిబుగారు అదే మర దగ్గర ఇంకా పనిచేస్తున్నాడు.

మీకు చెప్పదలచుకున్నది ఇంతే. మీ లెక్కల్లో ఎప్పుడో ఒకప్పుడు గుంపుతో కలవని నమూనా ఒకటి వస్తుంది. మీ పెద్దవాళ్లు దాన్ని తీసేద్దామంటారు. తీసేయకండి. వెళ్లి దానికి గోరింటాకు పడుతుందో లేదో కనుక్కోండి.

నా రిటైర్మెంటు కూడా ఆషాఢంలోనే వచ్చింది. ల్యాబులో చిన్న సభ పెట్టారు. పెద్దసారు నాకంటే ముందే రిటైరయినా ఆ రోజు స్లైడ్లతో సహా వచ్చారు. మేస్త్రి తన ముఠాలో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక డబ్బాలో గోరింటాకు ముద్ద తెచ్చి, "రాతిరోట్లో నూరింది, భయపడబాకు," అని నా చేతిలో పెట్టింది. అప్పటికి మేడంగారు పోయి నేను "అమ్మాయ్" అయ్యాను. అప్పుడు చూశాను ఆవిడ చేతులు. పది గోళ్లూ ఎర్రగా పండి ఉన్నాయి.

"నీకు పడదుగా పెద్దమ్మా!"

"పడదు. రొంప చేత్తే చేసింది. నీ పండగ కదా ఇయ్యాల."

పెద్దసారు ఉపన్యాసం పొడుగునా ఆవిడ ముక్కు తుడుచుకుంటూనే ఉంది. సభ అయిపోయింది. డిటెక్టర్ గది తాళాలు కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చాను. దండలు, శాలువా అక్క పట్టుకుంది. కళ్లు తుడుచుకుని, ఇక వెనక్కి చూడకూడదనుకుంటూ గుమ్మం దాటబోయాను.

వెనకనించి మేస్త్రి తుమ్మింది. గోడౌను ఆ చివరికి వినపడే తుమ్ము.

"అయ్యో, తుమ్మారు! ఆగండి మేడం, కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లండి," అన్నారు అందరూ ఒక్కసారే. అణుశాస్త్రం చదివినవాళ్లు, స్పెక్ట్రాలు గీసేవాళ్లు, పెద్దసారుతో సహా. ఎవరో నా పాత కుర్చీ లాగి డిటెక్టర్ పక్కన వేశారు. ఎవరో గ్లాసు తెచ్చారు. నేను మళ్లీ కూర్చున్నాను.

మేస్త్రి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన స్టూలుమీద కూర్చుంది. "తొందరేముందమ్మాయ్," అంది. "నెమ్మదిగా తాగు. నాకింకా తుమ్ములున్నాయి."